రాయబారి గడప

విశాఖపట్నం వన్‌టౌన్‌లో కోటవీధి అనే పేరు ఇంకా మిగిలే ఉంది. కోట మాత్రం లేదు. పదిహేడో శతాబ్దం చివర్లో ఈ పాత ఊళ్లో ఈస్టిండియా కంపెనీవారి వర్తక కోఠీ ఉండేది. నేత బట్టలు కొని ఓడకెత్తించడం అక్కడి ఉద్యోగుల పని. 1686లో బెంగాల్లో, ఆ తర్వాత బొంబాయిలో కంపెనీ పెద్దలు ఔరంగజేబుతో కయ్యానికి దిగారు. ఆ కయ్యానికి విశాఖ కోఠీలో కూర్చుని లెక్కలు రాసుకునేవారికి ఏ సంబంధమూ లేదు. అయినా 1689లో మొఘల్ బలగాలు ఈ కోఠీని పట్టుకుని, అందులో ఉన్న ఆంగ్లేయులను చంపేశాయి. మరుసటి ఏడు పైవాళ్ల మధ్య రాజీ కుదిరింది, కోఠీ మళ్లీ తెరుచుకుంది. చనిపోయినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

వాళ్లు వర్తకులే, రాయబారులు కారు. కానీ ఆ రోజుల్లో ఈ తీరాన ఇంగ్లండు అంటే కనబడేది వాళ్లే. రాజకీయ కల్లోలం రేగినప్పుడు విదేశీ కార్యాలయాల మీద జరిగే దాడుల చరిత్రంతా చదివితే, మన ఊరి కథలో ఉన్నదే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కోపం దూరాన ఉన్న ప్రభువు మీద, దెబ్బ దగ్గరగా ఉన్న గడప మీద. ఆ గడపలో ఉండేది తగువు పెట్టినవాడు కాదు, తగువు తీరాలంటే కబురు మోయాల్సినవాడు. ఈ దాడులు ఎందుకు జరుగుతాయి, ఎప్పుడు ఆగుతాయి, ఆగకపోతే ఎవరు నష్టపోతారు అన్న మూడు ప్రశ్నలను మన నేల నుంచే మొదలుపెట్టి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మనకు తెలిసిన నీతే

దూతను చంపరాదన్నది పరాయి దేశాల నుంచి తెచ్చుకున్న నీతి కాదు. లంకలో హనుమంతుణ్ని చంపమని రావణుడు ఆజ్ఞ ఇస్తే, దూత వధ్యుడు కాడని అడ్డుపడినవాడు విభీషణుడు. చంపడం మానేసి తోకకు నిప్పంటించారు. ఆ నిప్పుతో కాలింది లంకే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడని ఊరు ఉత్తరాంధ్రలో అరుదు. కృష్ణ రాయబారం ఘట్టంలో, రాయబారిని కట్టేయించాలని దుర్యోధనుడు చూసినప్పుడు, అక్షరం ముక్క రాని ముసలమ్మకు కూడా కౌరవుల పని అయిపోయిందని అర్థమవుతుంది. రాయబారి మీద చేయి వేసినవాడికి ఇక మాట్లాడుకునే దారి ఉండదు. యుద్ధం ఒక్కటే మిగులుతుంది.

1961 నాటి వియన్నా ఒప్పందం ఈ నీతినే చట్టం చేసింది. దాని 22వ అధికరణం ప్రకారం రాయబార కార్యాలయంలోకి దాని అధిపతి అనుమతి లేకుండా ఆతిథ్య దేశపు పోలీసు కూడా అడుగుపెట్టకూడదు. అంతకంటే ముఖ్యమైనది రెండో భాగం. ఎవరూ చొరబడకుండా, పాడుచేయకుండా, ప్రశాంతత చెడకుండా కాపాడే ప్రత్యేక బాధ్యత ఆతిథ్య ప్రభుత్వానిదే. సంబంధాలు తెగిపోయినా, యుద్ధమే వచ్చినా ఆ బాధ్యత పోదని 45వ అధికరణం చెబుతుంది. కాన్సులేట్ల కోసం 1963లో మరో ఒప్పందం వచ్చింది. మొదటి ఒప్పందానికి మన దేశంలో 1972లో పార్లమెంటు చట్టబలం ఇచ్చింది.

అంటే రాయబార కార్యాలయం గేటు దగ్గర నిలబడే కాపలా పోలీసు ఒక దేశం ఇచ్చిన మాటను నిలబెడుతున్నాడు. దాడుల చరిత్రను అతను ఏం చేశాడన్న దాన్నిబట్టే విభజించి చూడాలి.

కోఠీ, 1857

తెలుగునాట ఈ ప్రశ్నను అన్నిటికంటే గట్టిగా నిలదీసే సంఘటన హైదరాబాదులో జరిగింది. బ్రిటిష్ రెసిడెంటు నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి. అతని భవనం వల్లే ఆ ప్రాంతానికి కోఠీ అన్న పేరు స్థిరపడింది. 1857లో ఔరంగాబాద్ దండులో తిరుగుబాటు చేసి నగరానికి వచ్చిన జమాదార్ చీదాఖాన్‌ను నిజాం దివాను సాలార్‌జంగ్ పట్టి రెసిడెంటుకు అప్పగించాడు. జులై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు తర్వాత కూడిన జనం అతన్ని విడిపించాలని కదిలారు. ముందు నడిచినవాళ్లు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. రెసిడెన్సీ ఎదుట పుత్లీబౌలి వైపున్న రెండు షావుకార్ల ఇళ్లను ఆక్రమించి రాత్రంతా కాల్పులు జరిపారు. అయితే సాలార్‌జంగ్ నుంచి రెసిడెంటు డేవిడ్సన్‌కు ముందే కబురు అందింది. లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి దాడి వీగిపోయింది.

తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, జైలు నుంచి తప్పించుకున్నాడు, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర దొరికి ప్రాణం విడిచాడు. శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీ అండమాన్‌లో ఖైదీగానే కన్నుమూశాడు. కోఠీలో స్మారక స్తంభం వాళ్లను నేటికీ గుర్తుచేస్తుంది. వాళ్లు వీరులే. ఆ మాట చెప్పడానికి నేను తడబడను.

మరి రాయబారి గడప మీద దాడి తప్పన్న మాట ఏమైనట్టు? ఇక్కడే ఒక తేడా పట్టుకోవాలి. 1798 సైన్య సహకార ఒప్పందం తర్వాత రెసిడెంటు కబురు మోసే రాయబారి కాదు. సైన్యం అతని చేతిలో ఉంది, దివాను నియామకంలో అతని మాట చెల్లేది. పొమ్మంటే పోయేవాడు రాయబారి. పొమ్మనే హక్కు నిజాంకు లేనప్పుడు ఆ భవనం రాయబార కార్యాలయం కాదు, పాలకుడి కోట. జనం దాడి చేసింది కోట మీద. నేటి వియన్నా ఒప్పందం రాయబారికి రక్షణ ఇస్తూనే, ఆతిథ్య దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో వేలు పెట్టకూడదని షరతు పెట్టింది. నచ్చనివాణ్ని కారణం చెప్పకుండానే పంపేసే హక్కును ఆతిథ్య దేశానికి ఇచ్చింది. ఆ హక్కు ఉన్నచోట రాళ్లు విసరాల్సిన అవసరం లేదు. ఆ రెసిడెన్సీ భవనంలో తర్వాత కోఠీ మహిళా కళాశాల నడిచింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. ఆ కోటకు ఇంతకంటే మంచి ముగింపు ఉండదు.

కాపలా పక్కకు తప్పుకున్నప్పుడు

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని మన ప్రతినిధి జి.డి. సోంధీ అడిగారు. అడిగింది ఒక క్రీడా పెద్ద, అది కూడా నియమం గురించి. సెప్టెంబరు 3న వేలమంది భారత రాయబార కార్యాలయం మీద పడ్డారు. మరుసటి రోజే ఫుట్‌బాల్ ఫైనల్. దక్షిణ కొరియాతో మన జట్టు ఆడుతుంటే సెనయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది మనవాళ్లను గేలి చేశారు. ఆ జట్టును తీర్చిదిద్దింది హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మన జట్టు 2-1తో గెలిచింది. ఆ స్టేడియంలో తమ కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టేనని మన ఆటగాళ్లు తర్వాత గుర్తుచేసుకున్నారు. ఏడాది తిరక్కుండానే రహీం కన్నుమూశారు. 1963 సెప్టెంబరులో అదే జకార్తాలో, మలేషియా ఏర్పాటు మీద రేగిన ఆగ్రహంలో, బ్రిటిష్ రాయబార కార్యాలయం తగలబడింది. మొదటిసారి చూసీచూడనట్టు వదిలేస్తే రెండోసారి నిప్పు దాకా వస్తుంది.

పొరపాటు వార్త ఎంత పని చేస్తుందో ఇస్లామాబాద్ చెబుతుంది. 1979 నవంబరులో మక్కాలోని పవిత్ర మసీదును సాయుధులు ఆక్రమించారు. దాని వెనక అమెరికా ఉందన్న అబద్ధం పాకిస్తాన్‌లో పాకింది. నవంబరు 21న జనం అమెరికా రాయబార కార్యాలయాన్ని తగలబెట్టారు. లోపలివాళ్లు గంటల తరబడి ఉక్కుతలుపుల గదిలో పొగలో ఉక్కిరిబిక్కిరయ్యారు. సైన్యం అదే నగరంలో ఉన్నా సమయానికి రాలేదు. చనిపోయిన నలుగురు సిబ్బందిలో ఇద్దరు పాకిస్తానీయులే.

దానికి రెండున్నర వారాల ముందు, నవంబరు 4న, టెహ్రాన్‌లో విద్యార్థులు అమెరికా రాయబార కార్యాలయాన్ని పట్టుకున్నారు. 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. ఇరానీయుల కోపానికి మూలం ఉంది. 1953లో ఎన్నికైన ప్రధాని మొసాద్దెక్‌ను కూలదోసిన కుట్రలో అమెరికా గూఢచారుల పాత్ర ఉంది. అయినా అంతర్జాతీయ న్యాయస్థానం 1980 మే 24న ఇచ్చిన తీర్పు ఈ విషయం మీద అందరూ చదవాల్సిన పాఠం. న్యాయస్థానం దాడిని రెండు దశలుగా చూసింది. మొదటిరోజు చొరబడింది విద్యార్థులు. ఆ పనిని ప్రభుత్వం పనిగా న్యాయస్థానం చెప్పలేదు, కానీ కాపాడవలసినప్పుడు కాపాడకపోవడం ప్రభుత్వ నేరమంది. తర్వాత ఇరాన్ అధినేత ఖొమేనీ ఆ పనిని సమర్థించి, బందీలను అలాగే ఉంచమన్నాక అది రాజ్యం చేసిన పనే అయింది. రాయబారులు గూఢచర్యం చేశారనుకుంటే వాళ్లను వెళ్లగొట్టవచ్చు, సంబంధాలు తెంచుకోవచ్చు, ఆ మందు చట్టంలోనే ఉందని కూడా న్యాయస్థానం చెప్పింది. మందు ఉండగా కత్తి పట్టడానికి కారణం చాలదు.

తప్పు ఎవరిదైనా లెక్క తేల్చుకునే దారి ఉంటుందనడానికి ఒక ఉదాహరణ. 1999 మేలో నాటో విమానాలు బెల్‌గ్రేడ్‌లోని చైనా రాయబార కార్యాలయం మీద బాంబులు వేశాయి. ముగ్గురు చైనా విలేఖరులు చనిపోయారు. చైనా నగరాల్లో జనం అమెరికా కార్యాలయాలను ధ్వంసం చేశారు. ఏడాది చివరికి ఒప్పందం కుదిరింది. కూల్చిన భవనానికి అమెరికా 2.8 కోట్ల డాలర్లు, రాళ్లు పడ్డ భవనాలకు చైనా 28.7 లక్షల డాలర్లు ఇచ్చేటట్టు మాట్లాడుకున్నాయి. ఒకరి తప్పు మరొకరి తప్పును రద్దు చేయలేదు. ఇద్దరూ చెల్లించారు.

కాపలాయే లేనప్పుడు

నేవీ డే నాడు విశాఖ బీచ్‌రోడ్డు మీద నిలబడితే, మిగతా నౌకల మధ్య పెద్ద గోదాములా కనబడే బూడిదరంగు నౌక ఒకటి ఉంటుంది. అదే ఐఎన్ఎస్ జలాశ్వ. పిల్లలు దాన్ని చూపించి అంత పెద్ద ఓడలో ఏముంటుందని అడుగుతారు. సైనికులూ ట్యాంకులూ ఉంటాయని పెద్దలు చెబుతారు. దాని మొదటి జన్మ కథ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆ నౌక 1971లో ట్రెంటన్ అన్న పేరుతో అమెరికా నౌకాదళంలో చేరింది. 1990 డిసెంబరు చివర్లో సోమాలియాలో సియాద్ బర్రే ప్రభుత్వం కూలిపోయే దశకు వచ్చింది. రాజధాని మొగదిషులో ఎవరి చేతిలో చూసినా తుపాకే. అమెరికా రాయబారి జేమ్స్ బిషప్ తమను తీసుకుపొమ్మని కబురు చేశారు. అరేబియా సముద్రంలో ఉన్న ట్రెంటన్, గ్వామ్ నౌకలు అటు కదిలాయి. 1991 జనవరి 5 తెల్లవారుజామున, మొగదిషు ఇంకా 860 కిలోమీటర్ల దూరం ఉండగానే, ట్రెంటన్ పైనుంచి రెండు హెలికాప్టర్లు 60 మంది సైనికులతో లేచాయి. విశాఖ నుంచి చెన్నైకి రోడ్డు దారి కంటే ఎక్కువ దూరమది. చీకట్లో, సముద్రం మీద, గాలిలోనే రెండుసార్లు ఇంధనం నింపుకున్నాయి. పొద్దున అవి కార్యాలయం మీదికి వచ్చేసరికి దోపిడీదార్లు ప్రహరీకి నిచ్చెనలు వేసుకుని ఉన్నారు. హెలికాప్టర్ల హోరుకు చెదిరిపోయారు. ఆ రాత్రి గ్వామ్ హెలికాప్టర్లు కూడా వచ్చాయి. మొత్తం 281 మంది బయటపడ్డారు. వాళ్లు 30 దేశాలవాళ్లు. సోవియట్ రాయబారి, ఆయన సిబ్బంది కూడా అందులో ఉన్నారు. ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా పూర్తిగా ముగియని రోజుల్లో సోవియట్ రాయబారికి అమెరికా గడప ఆశ్రయమిచ్చింది.

బయటపడనివాళ్లూ ఉన్నారు. ఆ కార్యాలయంలో ఏళ్ల తరబడి పనిచేసిన సోమాలీ ఉద్యోగులు అక్కడే ఉండిపోయారు. ఖాళీ అయిన భవనాన్ని దోపిడీదార్లు ఊడ్చేశారు. ఇస్లామాబాద్‌లో అయినా, మొగదిషులో అయినా, ఈ దాడుల చరిత్రలో అందరికంటే తక్కువగా రాసింది స్థానిక సిబ్బంది గురించే. డ్రైవరు, తోటమాలి, అనువాదకుడు, టెలిఫోను దగ్గర కూర్చునే అమ్మాయి. విదేశీ జెండా కింద పనిచేసినందుకు సొంత ఊళ్లో అనుమానం, ఆపదలో హెలికాప్టర్ ఎక్కడానికి పాస్‌పోర్టు లేకపోవడం, రెండూ వాళ్లకే.

ట్రెంటన్‌ను 2007లో మనం కొన్నాం. జలాశ్వ అని పేరు పెట్టి విశాఖకు తెచ్చుకున్నాం. 2011లో లిబియా రగులుతుంటే మనవాళ్ల కోసం బయల్దేరిన నౌకల్లో అది ఒకటి. ఆ తరలింపులో వేర్వేరు దారుల్లో 15 వేలమందికి పైగా భారతీయులు ఇల్లు చేరారు. 2015లో యెమెన్ యుద్ధం ముదిరాక చాలా దేశాలు అక్కడి రాజధాని సనాలో కార్యాలయాలు మూసేసినా, మన కార్యాలయం తరలింపు ముగిసేదాకా తెరిచే ఉంది. అప్పుడు సుమారు 5,600 మంది బయటపడ్డారు. వారిలో 960 మంది 41 ఇతర దేశాలవాళ్లు. నౌక ఎంత పెద్దదైనా, ఎవరు ఎక్కాలో, ఏ కాగితంతో ఎక్కాలో, ఏ రేవుకు రావాలో చెప్పే కార్యాలయం ఒడ్డున ఒకటి ఉండాలి. రాయబార కార్యాలయం కాలిపోయిన నగరంలో నౌకకు దారి చెప్పేవాడు ఉండడు. నావికులను ప్రపంచమంతటికీ పంపే మన రేవు పట్నానికి ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

గురిపెట్టి కొట్టినప్పుడు

జనం కోపం ఒక రకం. లెక్కవేసి చంపడం మరో రకం. 2008 జులై 7 ఉదయం కాబూల్‌లో మన రాయబార కార్యాలయం గేటు దగ్గర బాంబు నింపిన కారు పేలింది. 58 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది అఫ్ఘాన్లు. వీసా కోసం పొద్దున్నే వచ్చి నిలబడ్డవాళ్లు, దారిన పోయేవాళ్లు. మన రక్షణ ప్రతినిధి బ్రిగేడియర్ రవిదత్ మెహతా, కౌన్సెలర్ వాడపల్లి వెంకటేశ్వరరావు, ఇద్దరు ఐటీబీపీ జవాన్లు అజయ్ పఠానియా, రూప్‌సింగ్ ప్రాణాలు కోల్పోయారు. వెంకటేశ్వరరావు పేరు వింటేనే అది తెలుగింటి పేరని తెలుస్తుంది. యుద్ధం చేయడానికి కాక, మాట్లాడడానికీ వివరించడానికీ వెళ్లిన ఆయనకు దేశం మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చింది. ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

ఆ క్యూను ఒక్కసారి కళ్ల ముందు నిలుపుకోండి. చేతిలో ఫైలు, ఫైల్లో రోగి రిపోర్టులు, ఢిల్లీ ఆస్పత్రి చీటీ. గేటు అవతల కూర్చున్న దేశం మీద దాడి చేశామని చంపినవాళ్లు అనుకున్నారు. చచ్చింది గేటు ఇవతల నిలబడ్డ మామూలు అఫ్ఘాన్లు.

మన చేతులు

ఇతరుల తప్పులు చెప్పి ఊరుకుంటే సమీక్ష పూర్తి కాదు. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిన రోజు అక్కడి ఇందిరాగాంధీ సాంస్కృతిక కేంద్రాన్ని ధ్వంసం చేశారు. అక్కడి మన వీసా కేంద్రాలు మూతపడ్డాయి, వైద్యానికి మన దేశం రావాల్సినవాళ్లు ఆగిపోయారు. మన మనసు నొచ్చుకుంది, నొచ్చుకోవాల్సిందే. అదే ఏడాది డిసెంబరు 2న అగర్తలాలో నిరసనకారులు బంగ్లాదేశ్ సహాయ హైకమిషన్ ఆవరణలోకి చొరబడి జెండాను లాగేశారు. అక్కడ కూడా వీసా సేవలు ఆగాయి. మన విదేశాంగ శాఖ అదే రోజు విచారం తెలిపింది, అరెస్టులు జరిగాయి, కాపలాలో విఫలమైన పోలీసులను సస్పెండ్ చేశారు. చేయాల్సిన పని అదే. కానీ ఆ చొరబాటు జరగనే కూడదు. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మన కాన్సులేట్‌కు నిప్పుపెట్టే ప్రయత్నం జరిగినప్పుడు అమెరికాను మనం ఏమని అడిగామో, అగర్తలాలో మనల్ని అడిగేవాళ్లకు అదే జవాబు ఇవ్వగలగాలి.

ఇన్ని సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇదీ. మూక దానంతట అది ఎప్పుడూ గెలవదు. కాపలా నిలబడ్డ చోట ఆగిపోతుంది, కాపలా పక్కకు జరిగిన చోట లోపలికి వస్తుంది. నిరసన హక్కు పవిత్రమే. దానికి గేటుకు తగినంత దూరంలో చోటు చూపించాలి, ప్లకార్డుకు అడ్డు చెప్పకూడదు, రాయికి అడ్డం నిలవాలి. పుకారు పుట్టిన గంటలోనే ప్రభుత్వం నోరు విప్పాలి, నాయకులు రెచ్చగొట్టే మాట మానాలి. సంక్షోభంలో తరలింపు జాబితా రాసేటప్పుడు స్థానిక సిబ్బంది పేర్లు కూడా అందులో ఉండాలి. రాయబారులు కూడా తమ గడపను కుట్రలకు వాడుకోకూడదు. ఆ పని చేసినవాళ్లు తమ తర్వాత వచ్చేవాళ్ల ప్రాణాలకు ముప్పు తెస్తున్నారు.

విశాఖలో పెద్ద దేశాల కాన్సులేట్లు లేవు, కనుక ఇది మన ఊరి సంగతి కాదనిపించవచ్చు. మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయం దగ్గర ఒక పొద్దున నిలబడి చూడండి. ఓడ ఎక్కబోయే కుర్రాడు, గల్ఫ్‌కు పోయే వెల్డరు, అమెరికాలో మనవణ్ని చూడబోతున్న అమ్మమ్మ అక్కడ కనిపిస్తారు. వాళ్లు తీసుకునే చిన్న పుస్తకంలో, ఈ మనిషిని ఆటంకం లేకుండా వెళ్లనివ్వమని, అవసరమైన సాయమూ రక్షణా అందించమని రాష్ట్రపతి పేరిట సంబంధించిన వారందరినీ కోరుతూ ఒక విన్నపం అచ్చయి ఉంటుంది. ప్రతి దేశం తన మనుషుల చేతికి దాదాపు అలాంటి విన్నపమే ఇచ్చి పంపుతుంది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఇరాన్ కాన్సులేట్ గేటు దగ్గరా, అగర్తలాలో బంగ్లాదేశ్ కార్యాలయం గేటు దగ్గరా నిలబడే మన కానిస్టేబుల్ ఆ విన్నపాలకు మన జవాబు. అతను నిలబడినంతకాలమే ఆ అమ్మమ్మ చేతిలోని పుస్తకానికి పరాయి ఊళ్లో విలువ ఉంటుంది.